అనుకోకుండా పడితే

రాద్దామనుకుంటూనే చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఇందులో ఒక ఆట ఉంది, ఆ ఆటలో నేను చెప్పిన ఒక తీర్పు ఉంది, ఆ తీర్పు తప్పని తెలిసి కూడా నోరు మెదపకుండా గడిపిన పన్నెండేళ్ళు ఉన్నాయి. ఆట సంగతి తెలియని మిత్రులు నాలుగైదు పేరాలపాటు ఓపిక పట్టాలని మనవి. తెలిసినవారు నా వివరణలో లోపాలుంటే మన్నించాలి.

మొదట మా ఊరి సంగతి చెప్పాలి. నాగావళి ఒడ్డున చిన్న గ్రామం. రాములవారి కోవెల అరుగు మీద, వానజల్లు తగలని మూలన, పులిజూదం పటం ఒకటి చెక్కి ఉండేది. ఎవరు చెక్కారో ఎప్పుడు చెక్కారో చెప్పగలిగినవారు నా చిన్నతనానికే లేరు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు ఇటుక ముక్కలు, మేకలకు చింతపిక్కలు. మేకలవాడు ఒక్కొక్క మేకనే పటం మీద పెట్టుకుంటూ రావాలి. అన్నీ పెట్టేవరకు ఏ మేకనూ కదపరాదు. పులి పక్కనున్న మేక మీదుగా ఆవలి ఖాళీ గడిలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. పులులకు కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఇంతే ఆట. చెప్పుకోవడానికి ఇంతే గాని, ప్రతి వేసవిలోనూ ఆ అరుగు మీద కనీసం రెండు సార్లు చొక్కాలు చిరిగేవి.

తగవు ఎప్పుడూ ఒకే చోట వచ్చేది. దూకిన పులికి, దిగిన గడి పక్కనే మరో మేకా దాని ఆవల ఖాళీ కనిపిస్తే, అదే ఊపులో రెండోసారి దూకవచ్చునా? మా ఊళ్ళో కూడదు. సెలవులకు విజయనగరం నుంచి వచ్చే మా అత్త కొడుకుల లెక్కలో దూకవచ్చు. “మా కంటోన్మెంటులో ఇలాగే ఆడతాం” అనేవాడు పెద్ద బావ, కంటోన్మెంటు ఏదో సుప్రీంకోర్టు అయినట్టు. ఆడపిల్లల అష్టాచెమ్మాలోనూ ఇదే వరస. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. అంతవరకు అందరూ ఒక్కటే. కాని ఒక గవ్వ గోడకు ఆనుకుని ఏటవాలుగా నిలబడిపోతే? అది వెల్లకిలా, బోర్లా, లేక మళ్ళీ వెయ్యాలా? ఆ గవ్వ ఎలా నిలబడిందన్న దాని కన్నా, వేసినది ఎవరన్న దాన్ని బట్టే మా అక్కయ్యల అభిప్రాయాలు ఉండేవి.

ఈ తగవులన్నీ చివరికి మా తాతగారి దగ్గరకు చేరేవి. ఆయన విజయనగరం మహారాజావారి సంస్కృత కళాశాలలో చదువుకుని, పల్లెటూరి బడిలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మహామహోపాధ్యాయ తాతా సుబ్బరాయశాస్త్రిగారి పేరు ఎత్తినప్పుడల్లా తెలియకుండానే భుజం మీది కండువా సర్దుకునే తరం. వీధిలో తగవుపడే పిల్లలను ఆయన కసిరేవారు కారు. కూర్చోబెట్టి వాదనలు వినేవారు. పులి రెండోసారి దూకవచ్చునా అన్న వ్యాజ్యంలో ఆయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. “ఆట మొదలెట్టే ముందు ఈ మాట ఎవరైనా అన్నారా?” ఎవరూ అనలేదు. “ఇవాళ పొద్దున్న ఆటలో ఎవరి పులైనా రెండోసారి దూకిందా? అప్పుడు ఒప్పుకున్నారా?” దూకలేదు. “మరి ఇప్పుడు దూకడం మొదలెట్టినవాడికి ఈ నియమం ఎప్పుడు గుర్తొచ్చింది, మేక కనిపించక ముందా, కనిపించాకా?” పెద్ద బావ మాట్లాడలేదు. బావ ఆ ఆట ఓడిపోయాడు. రేపటి నుంచి ఏ పద్ధతిలో ఆడాలో మీరే కూడబలుక్కోండని చెప్పి తాతగారు నిద్రకు ఉపక్రమించారు.

ఇక అసలు కథ. 2006లో నేను బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, మరో నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉండేవాణ్ణి. అయిదుగురమూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళమే. మాలో ఒకడు కంపెనీ పని మీద అమెరికా వెళ్ళివచ్చి, చాక్లెట్లతో పాటు ఒక వ్యసనం కూడా తెచ్చాడు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసి 1974లో ప్రచురించిన ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. పటం ఉండవచ్చు, లేకపోవచ్చు. ప్రతి ఆటగాడూ ఒక పాత్ర ధరిస్తాడు. ఒకడు యోధుడు, ఒకతె మాంత్రికురాలు, ఒకడు దొంగ. ఒక్కరు మాత్రం ఏ పాత్రా ధరించకుండా, మిగిలిన లోకమంతా తానే అవుతారు. కోటలు, అడవులు, రాక్షసులు, సంతలో బెల్లం అమ్మే ముసలమ్మ, అన్నీ ఆయనే. ఇంగ్లీషులో డంజన్ మాస్టర్ అంటారు. మేము సూత్రధారుడు అనుకున్నాం. ఆ పని నాకు అప్పగించారు. కారణం నా ప్రతిభ కాదు, ఇంట్లో ప్రింటర్ నా ఒక్కడికే ఉండటం. ఆ ఆట మూడవ కూర్పు నియమాలలో ముఖ్యభాగాన్ని 2000 నుంచీ ప్రచురణకర్తలే ఉచితంగా వాడుకోనిచ్చారు. 2003లో వచ్చిన మూడున్నరవ కూర్పు నియమాలను నేను నాలుగు రాత్రులు ముద్రించి, స్పైరల్ బైండింగు చేయించాను.

ఇరవై ముఖాల పాచికలు అప్పట్లో మాకు దొరకలేదు. స్టీలు డబ్బాలో ఒకటి నుంచి ఇరవై వరకు అంకెలు వేసిన చీట్లు పోసి తీసేవాళ్ళం. గవ్వలు వేద్దామని ఒకడు సూచించాడు గాని, గవ్వలలో అన్ని అంకెలూ సమానంగా పడవు, మధ్య అంకెలే ఎక్కువ పడతాయి. లెక్కల వాళ్ళం కదా, ఒప్పుకోలేదు. కథాస్థలం మాత్రం మాదే. మహేంద్రగిరి ఉంది, వంశధార ఉంది, బొబ్బిలి కోటను తలపించే కోట ఒకటి ఉంది. డ్రాగన్లను కొండచిలువలను చేశాం. కొంచెం బాధపడ్డాయేమో తెలియదు.

మాలో ఉద్దానం నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉన్నాడు. పేరు చెప్పను, మిత్రుడనే అంటాను. అతని పాత్ర చిట్టెమ్మ అనే మాంత్రికురాలు. మగవాడు ఆడపాత్ర ధరించడం మన భాగవతాల దేశంలో వింతేమీ కాదు. తను అంతకు ముందు ఏడాది పోగొట్టుకున్న నాయనమ్మ పేరు, మాట, విసురు మొత్తంగా ఆ పాత్రకు పెట్టాడు. మామూలుగా నలుగురిలో మాట్లాడని మనిషి. ఆదివారం మధ్యాహ్నం చిట్టెమ్మ అయ్యేసరికి మాత్రం “ఏట్రా బావూ, నానేటి సేతకాని దాన్నా?” అని కొండచిలువను నిలదీసేవాడు. మేము నవ్వి నవ్వి అలిసిపోయేవాళ్ళం. ఆ నవ్వు వెనుక ఇంకేదో ఉందని మాకు తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

ఇక్కడొక పక్కదారి. ఈ ఆటలో పాత్రలకు రకరకాల సామర్థ్యాలు ఉంటాయి. ఒక్కొక్క సామర్థ్యానికి పుస్తకంలో ఒక పేరా వివరణ ఉంటుంది. ఆ పేరాలను ఎందరో రాశారు, కొన్ని సంవత్సరాల పాటు రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే వింతలు బయటపడతాయి. మూడున్నరవ కూర్పులో నీట మునిగేవాడి నియమం చూడండి. ఊపిరి బిగపట్టలేకపోయిన క్షణాన అతని ప్రాణబలం సున్నాకు చేరుతుందని రాశారు. మంచి ఆరోగ్యంతో మునిగేవాడి కోసం రాసిన మాట అది. కాని దెబ్బలు తిని ప్రాణబలం సున్నాకు తొమ్మిది మెట్లు కిందకు దిగి, చావుకు ఒక్క మెట్టు దూరంలో ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి చెరువులో ముంచితే? అక్షరం ప్రకారం సున్నాకు చేరాలి, అంటే తొమ్మిది మెట్లు పైకి రావాలి. ముంచడమే వైద్యం అయింది. అదే పుస్తకంలో చనిపోయిన స్థితికి ఇచ్చిన వివరణలో, చనిపోయినవాడు లేచి నడవరాదని ఎక్కడా లేదు. రాసినవారికి అంత అవసరం కనిపించి ఉండదు. ప్రపంచమంతటా ఈ ఆట ఆడేవాళ్ళు ఇలాంటివి ఏరుకుని దశాబ్దాలుగా నవ్వుకుంటున్నారు. రాసినట్టే చదవాలా, ఉద్దేశించినట్టు చదవాలా అన్న వాదం వారిలో ఎన్నటికీ తెగదు. మా ఇంట్లోనూ ఒక ఆదివారం దొంగ పాత్రధారి తన స్నేహితుణ్ణి నాగావళిలో ముంచి బతికించబోతే, నేను చీట్ల డబ్బా మూత పెట్టి కాఫీకి లేచిపోయాను. అది సులువైన తీర్పు. అసంబద్ధమైనది తేలిగ్గానే దొరికిపోతుంది. చిక్కు వచ్చేది రెండు పక్షాలూ సబబుగా కనిపించేచోట.

చిట్టెమ్మకు ఒక మంత్రం వచ్చు. ఇంగ్లీషులో ఫెదర్ ఫాల్. మేము “ఈకపాటు” అనేవాళ్ళం. ఎత్తు నుంచి పడేవాళ్ళు ఈకలా మెల్లగా దిగుతారు, దెబ్బ తగలదు. ఆ మంత్రం వివరణలో రెండు మాటలు ఉన్నాయి. అనుకోకుండా పడిపోయినప్పుడు సైతం ప్రాణం దక్కేంత వేగంగా, ఒక్క పలుకుతో దాన్ని వెయ్యవచ్చు. తన వంతు కాని సమయంలో కూడా వెయ్యవచ్చు. మరోవైపు, పోరాటం అనే అధ్యాయంలో ఒక సాధారణ నియమం ఉంది. శత్రువు అదాటుగా మీద పడినప్పుడు, ఏమరుపాటున ఉన్నవాళ్ళు ఆ మొదటి ఆవృత్తిలో ఏ చర్యా చెయ్యలేరు.

ఆ ఆదివారం కోటలోని పాత దిగుడుబావి మీద తాళ్ళ వంతెన దాటుతోంది మా గుంపు. మాటువేసిన బందిపోట్లు తాడు కోశారు. మిగిలినవాళ్ళు అప్పటికే ఆవలి గట్టు చేరారు. చిట్టెమ్మ ఒక్కతే మధ్యలో ఉంది. చీటీ తీస్తే ఏమరుపాటు అని తేలింది. మిత్రుడు తాపీగా “ఈకపాటు” అన్నాడు. నేను పుస్తకం తిప్పి, కుదరదన్నాను.

వాదన అరగంట సాగింది. ఏమరుపాటున ఉన్నవాడు చర్య చెయ్యలేడన్నది నా మాట. తన వంతు లేకపోవడం వేరు, అసలు కదలలేకపోవడం వేరు అని కూడా జోడించాను. ఆ తేడా కనిపెట్టినందుకు లోలోపల మురిసిపోయాను కూడా. అతను ఒక్కటే అన్నాడు. “అనుకోకుండా పడితే అని అందులోనే ఉంది కదా. అనుకోకుండా అంటే ఇంకెప్పుడు?” నేను నియమం నియమమే అన్నాను. లోతుకు తగ్గట్టు దెబ్బ చీట్లు ఏడు తీశాను. మొత్తం ఇరవై ఆరు. చిట్టెమ్మ ప్రాణబలం తొమ్మిది.

అతను గొడవ పెట్టుకోలేదు. పాత్ర వివరాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, బట్టలు ఆరవేయడానికి మేడ మీదకు వెళ్ళాడు. మరుసటి ఆదివారం ఊరెళ్ళాడు. ఆ తరువాతి ఆదివారం ఆఫీసు అన్నాడు. ఆరు నెలల్లో ఉద్యోగం మారి వేరే ఇంటికి వెళ్ళిపోయాడు. మా మధ్య మాటలు ఆగిపోలేదు. పండగలకు ఒక సందేశం, ఎప్పుడైనా పెళ్ళి పిలుపు, అంతవరకు తగ్గాయి. తెగిపోయి ఉంటే అతికించుకునేవాళ్ళమేమో.

ఆ వేసవిలోనే ఇంటికి వెళ్ళినప్పుడు తాతగారికి ఈ వ్యాజ్యం వినిపించాను. ఆయనకు వినోదంగా ఉంటుందనుకున్నాను. నా తీర్పును మెచ్చుకుంటారని కూడా ఆశ ఉంది, దాచడం దేనికి. ఆయన రెండు వాక్యాలనూ నా చేత మూడుసార్లు తెలుగులో చెప్పించుకున్నారు. తరువాత, “ఈ అనుకోకుండా అనే మాట ఆ గ్రంథంలో ఉన్నదా, నీ మిత్రుడు కల్పించాడా?” అని అడిగారు. ఉన్నదన్నాను. “నువ్వు చెప్పిన అర్థంలో ఆ మాటకు పనేమిటి?”

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను. శాస్త్రంలో ఒక మాట వ్యర్థమవుతున్నదంటే తప్పు ఆ మాటది కాదు, మన అన్వయానిది. సామాన్య నియమం అంతటా వర్తిస్తుంది, విశేష నియమం చెప్పిన చోట తప్ప. అక్కడ కూడా సామాన్యమే గెలుస్తుందంటే విశేషాన్ని రాయనే అక్కరలేదు. ఆ మంత్రం పుట్టిందే ఏమరుపాటున పడేవాళ్ళ కోసం. మీమాంసకులు ఇలాంటి ఘర్షణలకు ఆరు ప్రమాణాలను వరుసగా పేర్చారు. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. ముందున్నది తరువాతి దాని కన్నా బలమైనది. శ్రుతి అంటే ఇక్కడ సూటిగా చెప్పిన మాట. లింగం అంటే శబ్దానికి ఉన్న సామర్థ్యం. దీనికి పాత ఉదాహరణ ఒకటి చెప్పారు. మంత్రం చూస్తే ఇంద్రుణ్ణి స్తుతిస్తున్నది. విధివాక్యమేమో దానితో గార్హపత్యాగ్నిని ఉపాసించమంటున్నది. మంత్రంలోని శబ్దసామర్థ్యం ఇంద్రుడి వైపు లాగినా, సూటిగా చెప్పిన మాటే గెలిచింది. ఉపాసన అగ్నికే. “నీ వంతెన వ్యవహారంలో సూటి మాట నీ మిత్రుడి వైపు ఉన్నది. నీ వైపు ఉన్నది అధ్యాయం. అంటే ప్రకరణం. నాలుగోది. మొదటిది ఉండగా నాలుగోదాన్ని పట్టుకున్నావు.”

నియమాలు ఢీకొన్నప్పుడు ఏది గెలవాలన్న ప్రశ్న తేలికైనదేమీ కాదు. పాణిని దానికే ఒక సూత్రం పెట్టాడు. సమబలం ఉన్న రెండు నియమాలు తలపడితే పరమైనదే చెల్లుతుందని. పరం అంటే అష్టాధ్యాయిలో తరువాత వచ్చిన సూత్రం అని సంప్రదాయం. 2022లో వెలువడిన తన కేంబ్రిడ్జి పరిశోధన గ్రంథంలో ఋషి రాజ్‌పోపట్ అనే యువకుడు, పరం అంటే సూత్రాల వరుసలో తరువాతిది కాదు, పదంలో కుడివైపు భాగానికి వర్తించే నియమం అని ప్రతిపాదించాడు. పండితులలో ఒప్పుకున్నవారూ ఉన్నారు, గట్టిగా కాదన్నవారూ ఉన్నారు. తగవు తీర్చడానికి పెట్టిన సూత్రం మీదనే ఇన్ని శతాబ్దాల తరువాత తగవు. తాతగారు అప్పటికి ఉండి ఉంటే ఎటువైపు మొగ్గేవారో ఊహించగలను గాని రాయను. ఆయన 2009లో వెళ్ళిపోయారు.

ఆ రోజు ఆయన ఇంకొక మాట అన్నారు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది అదే. “ఆ బందిపోట్లు ఎవరు?” నేనే అన్నాను. “తాడు కోసినది?” నేనే. “తీర్పు చెప్పినది?” ఆయన ఇంక ఏమీ అడగలేదు.

హిరణ్యకశిపుడి వరం గుర్తు చేసుకోండి. సింహాచలం అప్పన్నను కులదైవంగా కొలిచే మా ప్రాంతంలో ఆ కథ తెలియని పిల్లలు ఉండరు. పగలు కాదు రాత్రి కాదు, లోపల కాదు బయట కాదు, నేల మీద కాదు ఆకాశంలో కాదు, మనిషి వల్ల కాదు మృగం వల్ల కాదు. నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం, అంత తపస్సు చేసినవాడు వరాన్ని ఇంత పేలవంగా ఎందుకు రాయించుకున్నాడని. జాబితా ఎంత పెద్దదైతే సందులు అన్ని ఎక్కువ. సంధ్యవేళ, గడప, ఒడి, గోళ్ళు, నరసింహం. ప్రతి మాటకూ ప్రతి మాటకూ మధ్య ఉన్న సందులోంచే వచ్చాడు స్వామి. బ్రహ్మ మాట బొంకు కాలేదు, రాక్షసుడు బతకలేదు. అక్షరాన్ని అతిక్రమించకుండా ఉద్దేశాన్ని ఓడించిన తీర్పు అది. దాన్ని మనం భక్తితో వింటాం, వినాలి కూడా. కాని ఆ కథలో నియమాన్ని వ్యాఖ్యానించినవాడూ, ఎదుటి పక్షమూ ఒక్కరే. దేవుడికి అది చెల్లింది. ఆదివారం మధ్యాహ్నం చీట్ల డబ్బా పట్టుకు కూర్చున్నవాడికి చెల్లుతుందా?

మా సరిహద్దు దాటగానే, గంజాం ప్రాంతంలో, ప్రహ్లాద నాటకం ఆడతారు. నరసింహుడి ముసుగు ధరించిన మనిషికి పూనకం వస్తుందని, చంపబోయే ఊపులో నిజంగా హాని చేస్తాడేమోనని, పక్కనున్నవాళ్ళు పట్టుకుని ఉంటారు. పాత్ర ధరించినవాడిని పట్టుకోవడానికి మనుషులు ఉంటారన్న ఏర్పాటు నాకు బాగా నచ్చింది. సూత్రధారుడిని పట్టుకునేవారు మా ఇంట్లో లేకపోయారు.

తప్పు తెలిశాక ఫోను చేసి చెప్పవలసింది. చెప్పలేదు. ఆటే కదా అనుకున్నాను మొదటి నెల. ఇప్పుడు చెబితే వింతగా ఉంటుందనుకున్నాను మొదటి ఏడాది. పైగా 2007లో అదే కూర్పుకు వచ్చిన నియమసంగ్రహంలో, ఇలా వంతు కానప్పుడు వేసే మంత్రాలను తక్షణ చర్యలన్న కొత్త కోవలో చేర్చి, ఏమరుపాటున ఉన్నవాడికి ఆ చర్య కుదరదన్నారు. అది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం చెప్పుకోదగినది కాదు. పుస్తకమే నా పక్షాన వచ్చింది. మర్నాటికి ఆ ఆనందం పోయింది. మేము ఆడిన రోజున మా బల్ల మీద ఉన్నది ఆ పుస్తకం కాదు. మేక కనిపించాక గుర్తొచ్చిన నియమం వంటిదే ఇదీ. పెద్ద బావ ముఖం జ్ఞాపకం వచ్చింది. తరువాత 2014లో వచ్చిన అయిదవ కూర్పులోనూ చిక్కు అలాగే ఉంది. అదాటు దాడికి గురైనవాళ్ళు తమ మొదటి వంతు ముగిసేదాకా ప్రతిచర్య చెయ్యలేరు, ఈ మంత్రమేమో ప్రతిచర్య. 2024 సవరణలో గాని ఆ నిషేధం పోలేదు. ఇప్పుడు ఏమరుపాటు వల్ల వంతు వెనకబడవచ్చు గాని చేతులు కట్టుబడిపోవు. అంటే చిట్టెమ్మ వంటివాళ్ళు నిస్సందేహంగా బతకడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా అయ్యాయో ఫోటోలలో చూసినవారికి చెప్పనక్కరలేదు, చూడనివారికి చెప్పలేను. మిత్రుడి ఫోను మూడు రోజులు పలకలేదు. పలికాక, వస్తున్నానని మాత్రం చెప్పి బయలుదేరాను. అతను అప్పటికే ఉద్యోగానికి సెలవు పెట్టి ఊరు చేరి ఉన్నాడు. తండ్రి అరుగు మీద కూర్చుని తోట వైపు చూడకుండా వీధి వైపు చూస్తున్నారు. నాయనమ్మ చేత్తో నాటిన చెట్లు కూడా అందులో ఉన్నాయట.

నేను వెళ్ళిన మర్నాడు పడిపోయిన చెట్ల లెక్క రాయడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. అతని దగ్గరున్న కాగితంలో కూలిన చెట్లు అని ఒకటే గడి ఉంది. వేళ్ళతో సహా కూలినవాటితో ఇబ్బంది లేదు. తోటలో పాతిక దాకా చెట్లు నిలబడే ఉన్నాయి, మొవ్వు విరిగిపోయి, టెలిఫోను స్తంభాల్లా. తెలియనివారి కోసం రాస్తున్నాను. కొబ్బరిచెట్టుకు పెరిగే చోటు ఒక్కటే, తల మీది మొవ్వు. మామిడిలా పక్కకు చిగురించడం దానికి రాదు. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. కాని నిలబడి ఉన్నదాన్ని కూలినట్టు ఎలా రాయడం? మిత్రుడు నా వైపు తిరిగి, నెమ్మదిగా, చిట్టెమ్మ గొంతుతో కాదు, తన గొంతుతోనే, “నువ్వయితే ఏం రాస్తావు, సూత్రధారుడా?” అన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ పేరుతో పిలిచాడు.

నేను నోరు తెరిచేలోపే కుర్రవాడు తల పైకెత్తి చూశాడు. “మొవ్వుందా?” అన్నాడు. లేదన్నారు తండ్రి. “మొవ్వు లేకపోతే చెట్టేటి?” అని పాతిక చెట్లూ ఆ గడిలో రాసుకుని పక్క తోటలోకి వెళ్ళిపోయాడు. మీమాంస చదివినవాడు కాదు. రెండు క్షణాలు కూడా పట్టలేదు అతనికి.

ఆ రాత్రి కరెంటు లేదు. డాబా మీద పడుకుని అతనికి అంతా చెప్పాను. తాతగారు అడిగిన ప్రశ్న, నాలుగోదాన్ని పట్టుకున్న సంగతి, ఆ వేసవిలోనే నాకు తెలిసిన సంగతి. చివరిది చెప్పేటప్పుడు గొంతు తడబడింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

“ఆట గురించి కాదురా,” అన్నాడు చివరికి. “ఆవిడ పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. పరీక్ష ఉందని ఆగిపోయాను. నూతి గట్టు మీద జారిపడింది. అనుకోకుండానే.”

నేను ఏమీ అనలేకపోయాను. ఇప్పటికీ ఏమనాలో తెలియదు. కొంతసేపటికి అతనే అడిగాడు. “ఆ దిగుడుబావి లోతెంత పెట్టావు?”

డెబ్భై అడుగులు. నాకు గుర్తుంది.

“ఈకపాటులో ఆవృత్తికి అరవై అడుగులు దిగుతారు,” అన్నాడు. “మూడు ఆవృత్తులు పనిచేస్తుంది. రెండోదానిలో నేల చేరుతుంది. అడుగున నీళ్ళున్నాయా?”

మోకాలి లోతు అన్నాను.

“అయితే చీర తడుస్తుంది,” అన్నాడు. “తరువాత ఆ బందిపోట్ల పని చెబుతుంది. చీట్లు ఉన్నాయా నీ దగ్గర?”

లేవు. కింద వంటింట్లో వెతికితే గవ్వలు దొరికాయి.